అంచెట్టి నుంచి ఎన్నిసార్లు రాగలరు? రూట్ కెనాల్‌కు ముందు రోగి తెలుసుకోవలసినవి

తళి, డెంకణికోట, అంచెట్టి వైపు పల్లెల్లో పంటినొప్పికి మొన్నమొన్నటి దాకా రెండే మందులు: లవంగం, ఓర్పు. రెండూ పనిచేయకపోతే పన్ను పీకించుకోవడం. ఇప్పుడు హోసూరులో ఏ వీధికి వెళ్ళినా పళ్ళ క్లినిక్కు కనిపిస్తుంది. బెంగళూరు పక్కనే కాబట్టి అక్కడి పరికరాలూ వచ్చాయి, అక్కడి ధరలూ వచ్చాయి. దవడ పట్టుకుని లోపలికి వెళ్ళినవాడికి డాక్టరు ఎక్స్‌రే చూపించి, ఆర్‌సీటీ (రూట్ కెనాల్ చికిత్స) చెయ్యాలి, మూడు నాలుగు సార్లు రావాలి, ఆపైన క్యాపు వేయించుకోవాలి అని చెబుతారు. చెప్పేది తమిళంలోనో, ఇంగ్లీషు కలిసిన కన్నడంలోనో. ఇంట్లో తెలుగు మాట్లాడే రోగి సగం అర్థం చేసుకుని తల ఊపుతాడు.

అంచెట్టి నుంచి హోసూరు రావడమంటే అడవిలో ఘాట్ రోడ్డు దాటి డెంకణికోట చేరి, అక్కడి నుంచి మళ్ళీ ఇంకో పాతిక కిలోమీటర్ల దాకా పోవాలి. నాట్రాంపాళ్యం అవతలి ఊళ్ళవాళ్ళకి ఇంకా దూరం. ఒక్కో రాకకి ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్ళది కూడా పోతుంది. అందుకే "ఎన్నిసార్లు రావాలి?" అన్నది ఇక్కడ మామూలు ప్రశ్న కాదు. రూట్ కెనాల్ మీద వైద్య గ్రంథాలు చెప్పేది, పరిశోధనలు తేల్చింది, వదంతులు పుట్టించింది అన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: ఈ చికిత్స చెడిపోయేది చాలాసార్లు డాక్టరు చేతిలో కాదు, సగంలో ఆగిపోవడం వల్ల. ముగించగలమో లేదో మొదలుపెట్టకముందే లెక్క వేసుకోవడం రోగి చేయగలిగిన అతి ముఖ్యమైన పని.

పన్ను పైకి కనిపించే తెల్లటి పొర ఎనామెల్. దాని కింద పసుపుపచ్చటి డెంటిన్. మధ్యలో సన్నటి గదిలా ఉన్న ఖాళీలో నరాలు, రక్తనాళాలు ఉన్న మెత్తటి కణజాలం ఉంటుంది. దాన్ని పల్ప్ అంటారు, మనవాళ్ళు నరం అనేస్తారు. ఆ గది నుంచి వేరు చివరి దాకా పోయే సన్నటి దారులే రూట్ కెనాల్స్. ముందు పళ్ళకి సాధారణంగా ఒక్కటే దారి. కింది దవడపళ్ళకి ఎక్కువగా మూడు. పై దవడలో మొదటి పెద్ద దవడపన్నుకి మూడు పైకి కనిపిస్తాయి గాని, నాలుగోది ఒకటి దాగి ఉండటం సగానికి పైగా పళ్ళలో మామూలే. ఆ నాలుగోదాన్ని వదిలేయడం చికిత్స విఫలం కావడానికి పేరున్న కారణాల్లో ఒకటి.

పుచ్చు ఎనామెల్ దాటి డెంటిన్‌లోకి వచ్చినప్పుడు చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటుంది, క్షణంలో పోతుంది. అక్కడితో ఆగితే మామూలు ఫిల్లింగ్ చాలు. చల్లదనం తగిలాక నొప్పి నిమిషాల తరబడి ఉండిపోతే, వేడి కాఫీకి ఎక్కువైతే, పడుకుంటే సలుపుతూ నిద్ర లేపితే, పల్ప్ వాచిపోయిందని, తిరిగి కోలుకోదని అర్థం. వాపు శరీరంలో ఇంకెక్కడ వచ్చినా చర్మం సాగుతుంది. పన్ను లోపల సాగడానికి చోటే లేదు. మూత బిగించిన గిన్నెలో పొంగు వచ్చినట్టు ఒత్తిడంతా లోపలే ఉండిపోతుంది. పంటినొప్పి మనిషిని గోడకి తల కొట్టుకునేలా చేసేది అందుకే.

ఆ తర్వాత జరిగేదే అసలు మోసం. ఒక రోజు నొప్పి ఉన్నట్టుండి పోతుంది. రోగి దేవుడికి దండం పెట్టుకుంటాడు. నిజానికి పల్ప్ చచ్చిపోయింది, చెప్పడానికి నరం లేదు. సూక్ష్మజీవులు మాత్రం వేరు చివరి దాకా పాకి ఎముకలో చీము గూడు కడుతుంటాయి. కొన్ని నెలలకి చిగురు మీద చిన్న బొబ్బ లేచి చీము కారుతుంది, లేదా ఒక రాత్రికి రాత్రే బుగ్గ వాస్తుంది. నొప్పి లేకపోవడాన్ని ఆరోగ్యం అనుకోకండి. డాక్టరు పన్ను మీద తట్టి చూసేది, చల్లటి దూది పెట్టి చూసేది, ఎక్స్‌రే తీసేది ఈ తేడా కనిపెట్టడానికే. ఆ పరీక్షలేవీ లేకుండా నోరు తెరవగానే ఆర్‌సీటీ అన్న చోట లేచి వచ్చేయడానికి మొహమాటపడక్కర్లేదు.

పంటిలో పురుగు ఉంటుందన్న నమ్మకం ప్రపంచమంతా ఉండేది. మన దగ్గర నేలములక విత్తులు నిప్పు మీద వేసి పొగ పట్టించి, రాలిన తెల్లటి ముక్కలు చూపించి పురుగులు పడ్డాయనేవాళ్ళు. అవి విత్తుల లోపలి పప్పులే. ఫ్రాన్సులో పియెర్ ఫోషార్ 1728లోనే దంతవైద్యం మీద రాసిన పెద్ద పుస్తకంలో ఈ పురుగును కొట్టిపారేశాడు. నేరం ఎవరిదో అనుమానం లేకుండా తేల్చింది మాత్రం 1965లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం. కకేహషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు ఎలుకల పళ్ళకి పల్ప్ దాకా రంధ్రం చేసి వదిలేశారు. మామూలు ఎలుకల్లో పల్ప్ కుళ్ళి చీము పట్టింది. సూక్ష్మజీవులే లేని గాజుగదుల్లో పెంచిన ఎలుకల్లో గాయం మానింది, రంధ్రం మీద కొత్త డెంటిన్ కూడా కట్టింది. అంటే రంధ్రం కాదు, అందులోకి దూరిన బ్యాక్టీరియానే అసలు శత్రువు. రూట్ కెనాల్ చికిత్స మొత్తం ఈ ఒక్క విషయం మీద నిలబడింది: లోపలి సూక్ష్మజీవుల్ని తీసేయాలి, మళ్ళీ లోపలికి రాకుండా మూసేయాలి. రెండో సగం మన చేతుల్లో కూడా ఉంది, దాని గురించి తర్వాత.

ముందు మాత్రల సంగతి. సంతలో మందుల షాపుకి పోయి "పంటినొప్పికి ఒక సెట్టు ఇవ్వు" అంటే చిన్న కాగితం పొట్లంలో రంగురంగుల మాత్రలు వస్తాయి. అందులో ఒకటి యాంటీబయాటిక్. వాచిన పల్ప్ నొప్పిని యాంటీబయాటిక్ తగ్గించదు. చచ్చిన పల్ప్‌కి రక్తప్రసారం ఉండదు కాబట్టి మందు అక్కడికి చేరనే చేరదు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా జ్వరమో, పాకుతున్న వాపో లేని పెద్దవాళ్ళకి ఊరికే పంటినొప్పికి యాంటీబయాటిక్ వద్దనే చెప్పాయి. నొప్పి తగ్గాలంటే ఇబుప్రొఫెన్, పారాసెటమాల్ కలిపి వాడటం బాగా పనిచేస్తుంది. అయితే కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు ఇబుప్రొఫెన్ జోలికి డాక్టరును అడగకుండా పోకూడదు. లవంగనూనెలోని యూజినాల్ నిజంగానే నరాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది. దంతవైద్యులు తాత్కాలిక ఫిల్లింగ్‌లో వాడేది కూడా దాన్నే. ఆ రాత్రి గడవడానికి వాడుకోండి, వైద్యం అనుకుని నెలలు గడపకండి. చిగురు మీద నేరుగా ఒలకబోస్తే కాలుతుంది కూడా.

ఈ జిల్లాకి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. హొగేనకల్ దగ్గర కావేరి నీళ్ళు తెచ్చే పథకానికి 2008లో శంకుస్థాపన జరిగింది, 2013లో అది అందుబాటులోకి వచ్చింది. జపాన్ అప్పుతో కట్టిన ఆ పథకం పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ ఉంది. తెలుగువాళ్ళకి ఈ గోధుమరంగు పళ్ళు కొత్త కాదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళలోనే. చిన్నతనంలో ఆ నీళ్ళు తాగి పెరిగిన పళ్ళ మీద వచ్చే చారలు, మచ్చలు పుచ్చు కావు. నొప్పి లేని, గుంత పడని గోధుమరంగు పన్నుకి రూట్ కెనాల్ అక్కర్లేదు. రంగు నచ్చకపోతే పైపొర చికిత్సలు వేరే ఉన్నాయి. అయితే బాగా దెబ్బతిన్న ఎనామెల్ పెచ్చులూడి గుంతలు పడితే పుచ్చు పట్టడం తేలిక, ఫిల్లింగ్ అతుక్కోవడం కూడా కష్టం. అలాంటివాళ్ళు తమ సొంతూరు ఏదో, చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగారో డాక్టరుకి చెప్పడం మంచిది. హోసూరులో కొత్తగా చేరిన డాక్టరుకి అది తెలియకపోవచ్చు.

ఇక కుర్చీలో జరిగేది. మొదట మత్తు సూది. అందులో ఉండేది లిగ్నోకెయిన్, 1943లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త నిల్స్ లొఫ్‌గ్రెన్ తయారుచేసిన మందు. ఈ చికిత్స భయంకరమైన నొప్పి అన్న పేరు అంతకుముందు కాలం నాటిది, ఇంకా వదలలేదు. ఇప్పుడు చాలామందికి పన్ను పీకించుకున్నంత బాధ కూడా ఉండదు. ఒక మినహాయింపు: బాగా సలుపుతున్న కింది దవడపన్ను మొదటి సూదికి లొంగకపోవడం తరచూ ఉంటుంది. అప్పుడు పళ్ళు బిగపట్టి ఓర్చుకోవడం గొప్ప కాదు. చెయ్యి ఎత్తితే డాక్టరు ఇంకో చోట సూది వేస్తారు.

తర్వాత పన్ను ఒక్కటే పైకి కనిపించేలా నోటి మీద రబ్బరు పొర పరవాలి. రబ్బర్ డ్యామ్ అంటారు. 1864లో న్యూయార్క్ దంతవైద్యుడు శాన్‌ఫర్డ్ బార్నమ్ మొదలుపెట్టింది. ఉమ్ములో కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. అవి లోపలికి జారితే శుభ్రం చేసిందంతా వృథా. సన్నటి సూదులు చేయి జారి గొంతులో పడకుండా కాపాడేది కూడా ఆ పొరే. అంతర్జాతీయ నిపుణుల సంఘాలన్నీ దీన్ని తప్పనిసరి అంటాయి, మన దేశంలో మాత్రం చాలా క్లినిక్కుల్లో ఇప్పటికీ వాడరు. క్లినిక్కు గోడకి తగిలించిన ఫొటోలు, ఏసీ, లేజరు బోర్డు చూసి డాక్టరును ఎంచుకునే బదులు "రబ్బర్ డ్యామ్ వేస్తారా?" అని ఒక్క మాట అడగడం మేలు. నా దృష్టిలో క్లినిక్కు తీరు తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు.

పన్ను పైభాగంలో చిన్న రంధ్రం చేసి, దారులు వెతికి, ఫైళ్ళనే సన్నటి సూదులతో లోపలి కణజాలాన్ని తీసి గోడలు చెక్కుతారు. 15 నంబరు ఫైలు మొన మందం 0.15 మిల్లీమీటర్లు. వంకర తిరిగిన వేరులో గట్టి స్టీలు ఫైలు దారి తప్పి పక్కకి తవ్వేస్తుంది. 1988లో హర్మీత్ వాలియా, సహచరులు నికెల్, టైటానియం కలిసిన మిశ్రమలోహంతో ఫైలు చేసి చూపించాక ఆ ఇబ్బంది చాలా తగ్గింది. అది అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పుట్టిన లోహం, వంచితే వంగుతుంది, వదిలితే నిటారుగా వస్తుంది. నేడు యంత్రానికి తగిలించి తిప్పేవి ఈ ఫైళ్ళే. అవి ఒక్కోసారి లోపల విరుగుతాయి కూడా. విరిగిన ప్రతి ముక్కా పన్నుని చంపదు, కాని విరిగితే రోగికి చెప్పాలి, కాగితం మీద రాయాలి.

నిజానికి శుభ్రం చేసేది ఫైలు కన్నా నీళ్ళలాంటి ఒక మందు: సోడియం హైపోక్లోరైట్. బట్టల మరకలు పోగొట్టే బ్లీచ్‌లో ఉండేది అదే. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల గాయాలు కడగడానికి పలచగా చేసి వాడిన మందు తర్వాత పంటిలోకి వచ్చింది. ఫైలు అందని మూలల్లో కుళ్ళిన కణజాలాన్ని కరిగించేది ఇదొక్కటే. ఉత్త ఉప్పునీళ్ళతో కడిగి పావుగంటలో ముగించిన రూట్ కెనాల్ చవకగా దొరికిందని సంతోషించాల్సిన పని లేదు.

ఖాళీ అయిన దారుల్ని నింపేది గట్టాపర్చా అనే గులాబీరంగు పుల్లలతో. మన తెలుగు కూలీలు రబ్బరు తోటలకి వలసపోయిన ఆ మలయా నేల మీద పెరిగే వేరే చెట్టు పాలు అది. పందొమ్మిదో శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకి తొడుగు కూడా దానితోనే చేశారు. 1867లో బోమన్ అనే అమెరికా దంతవైద్యుడు దాన్ని వేరు దారుల్లో నింపాడు. నూటయాభై ఏళ్ళ తర్వాత కూడా దాన్ని పూర్తిగా తోసిపుచ్చే పదార్థం రాలేదు. ఇప్పటి పుల్లల్లో ఎక్కువ భాగం జింక్ ఆక్సైడ్, చెట్టు పాలు ఐదో వంతు దాకా. నింపాక తీసిన ఎక్స్‌రేలో ఆ తెల్లటి గీత వేరు చివరికి దగ్గరగా వచ్చి ఆగాలి. చాలా ముందే ఆగినా, చివర దాటి పొడుచుకొచ్చినా మంచిది కాదు. ఆ ఎక్స్‌రే మీరు అడిగి చూడవచ్చు.

ఇదంతా ఒక్కరోజులో చెయ్యవచ్చా? అంచెట్టివాళ్ళకి ముఖ్యమైన ప్రశ్న ఇదే. పాత పద్ధతిలో మొదటి రోజు శుభ్రం చేసి, లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి, వారం తర్వాత నింపేవాళ్ళు. ఒక్క సిట్టింగులో ముగించినా, పలుమార్లు పిలిచి చేసినా పన్ను నిలవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని, పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ సమీక్షలు తేల్చాయి. ఒక్కరోజులో చేస్తే మొదటి వారం నొప్పి కొంచెం ఎక్కువ ఉండవచ్చు, అంతే. చీము కారుతూనే ఉన్నప్పుడు, వాపు ఎక్కువగా ఉన్నప్పుడు, ఒకసారి చేసి చెడిపోయిన పన్ను విషయంలో డాక్టర్లు రెండోసారి రమ్మనడానికి కారణం ఉంటుంది. మిగతా సందర్భాల్లో "నేను యాభై కిలోమీటర్ల దూరం నుంచి వస్తున్నాను, పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా ఉంటాను, ఒక్కరోజులో కుదురుతుందా?" అని నోరు తెరిచి అడగాలి. అడిగితే కుదిరే చోట కూడా అడగకపోవడం వల్ల నాలుగుసార్లు తిరిగేవాళ్ళున్నారు.

ఎక్కువ నష్టం జరిగేది రెండో రాక దగ్గర. మొదటి రోజే పల్ప్ తీసేస్తారు కాబట్టి సలుపు ఆగిపోతుంది. "నొప్పి పాయె, ఇంగెందుకు పొయ్యేది?" అని రాగి కోతలో పడతారు. లోపల ఉన్నది తాత్కాలిక ఫిల్లింగ్, కొన్ని వారాల కోసం పెట్టింది. అది అరిగి ఉమ్ము లోపలికి దిగితే, శుభ్రం చేసి వెడల్పు చేసిన దారుల్లో బ్యాక్టీరియా మునుపటికన్నా హాయిగా చేరుతుంది. ఆరు నెలలకి చీముతో తిరిగి వస్తారు, అప్పుడు పన్ను రెండు ముక్కలై ఉంటుంది. ఆర్‌సీటీ చేయించుకుంటే పన్ను పోయిందని ఊళ్ళో చెప్పేవాళ్ళలో ఎంతమంది చికిత్స ముగించారో అడిగి చూడండి.

ముగించడం అంటే గట్టాపర్చాతో నింపడం కాదు, క్యాపు వేయించుకోవడం. దవడపన్ను మధ్యలో రంధ్రం చేశాక, పుచ్చు తిన్నది పోగా మిగిలిన గోడలు పలచబడి నమిలే బరువుకి చీలిపోతాయి. రక్తం అందక ఎండి పెళుసెక్కుతుందని చెబుతుంటారు గాని, అసలు కారణం గోడలు పోవడమే. అమెరికాలో ఒక బీమా సంస్థ లెక్కల్లోంచి 14 లక్షలకు పైగా పళ్ళను పరిశీలించి 2004లో వచ్చిన అధ్యయనంలో, రూట్ కెనాల్ చేసిన పళ్ళలో 97 శాతం ఎనిమిదేళ్ళ తర్వాత కూడా నోట్లోనే ఉన్నాయి. తీసేయాల్సి వచ్చిన కొద్ది పళ్ళలో 85 శాతానికి పూర్తి క్యాపు లేదు. 2002లో వచ్చిన ఇంకో అధ్యయనంలో క్యాపు లేనివి ఆరు రెట్లు ఎక్కువగా పోయాయి. 2016లో వచ్చినది ఇంకా పనికొచ్చే మాట చెప్పింది: నాలుగు నెలలు దాటాక క్యాపు వేసిన పళ్ళు, ఆలోపు వేసినవాటికన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువగా పీకాల్సి వచ్చింది. దీపావళికి డబ్బు సర్దుబాటయ్యాక వేయించుకుందాం అనుకునేవాళ్ళు ఆ నాలుగు నెలల గడువుని గుర్తు పెట్టుకోవాలి. ముందు పళ్ళకి పెద్దగా విరగకపోతే క్యాపు అవసరం లేదు, ఫిల్లింగ్ చాలు. అక్కడ కూడా క్యాపు అమ్మజూపితే ఎందుకో అడగండి.

క్యాపు ఖర్చు తరచు చికిత్స ఖర్చుతో సమానంగానో, ఎక్కువగానో ఉంటుంది. ఆర్‌సీటీ ధర మాత్రమే చెప్పి మొదలుపెట్టి, సగం దూరం పోయాక క్యాపు ధర చెప్పడం వల్ల జనం అక్కడే ఆగిపోతారు. కాబట్టి మొదటి రోజే ఎక్స్‌రే, చికిత్స, ఫిల్లింగ్, క్యాపు అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోవాలి. మామూలు ఆరోగ్య బీమాలు ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పంటి చికిత్సకి ఇవ్వవు. జిర్కోనియా, దాని మీద ఇన్నేళ్ళ వారంటీ కార్డు అనేవి అందం కోరేవాళ్ళకి. నోటి వెనక ఎవరికీ కనపడని దవడపన్నుకి మెరిసే లోహపు క్యాపు చవక, గట్టిది, పన్ను కూడా తక్కువ చెక్కుతారు. రెండేళ్ళ తర్వాత వేయించుకోబోయే పంటిరంగు క్యాపు కన్నా వచ్చే వారం వేయించుకునే లోహపు క్యాపు మేలు.

ఇదంతా కుదరదంటే? పన్ను పీకించుకోవడం తప్పేమీ కాదు. ఈ మాట చాలా వ్యాసాల్లో కనపడదు. వచ్చిపోయే ఓపికా, క్యాపు డబ్బూ లేనప్పుడు సగం చికిత్స చేయించుకుని డబ్బూ పన్నూ రెండూ పోగొట్టుకోవడం కంటే ఒకే రోజు పీకించుకోవడం నిజాయితీ గల నిర్ణయం. వేరు నిలువునా చీలిన పన్ను, చిగురు జబ్బుతో బాగా కదులుతున్న పన్ను, పైన ఏమీ మిగలకుండా కుళ్ళిపోయినది, చాలావరకు జ్ఞానదంతం, వీటికి రూట్ కెనాల్ పనికిరాదు కూడా. పై పన్ను పీకితే చూపు పోతుందన్న భయం ఇక్కడ పెద్దవాళ్ళలో గట్టిగా ఉంది. పంటి నరానికి, కంటిచూపు నరానికి సంబంధం లేదు. రాగిముద్ద నమిలేది కాదు మింగేది, పళ్ళెందుకు అని నవ్వే ముసలివాళ్ళూ ఉన్నారు. కాని ముప్ఫై ఏళ్ళ మనిషికి మొదటి దవడపన్ను పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి వాలతాయి, ఎదుటిది కిందికి దిగుతుంది, నమలడం అంతా ఒక పక్కకి పోతుంది. బ్రిడ్జి, ఇంప్లాంటు మొదట్లో కాదన్న రూట్ కెనాల్ కన్నా ఎక్కువ ఖర్చు తెస్తాయి. కాబట్టి ఏ పన్ను, ఏ వయసు అన్నది చూసుకోవాలి.

ఆ మొదటి దవడపన్ను గురించి తల్లిదండ్రులకి ఒక మాట. అది ఆరేళ్ళ వయసులో, ఏ పాలపన్నూ ఊడకుండానే, చివరన మొలుస్తుంది. అదీ పాలపన్నేననీ, ఊడి మళ్ళీ వస్తుందనీ అనుకుని పుచ్చుకి వదిలేస్తారు. అది ఊడేది కాదు, జీవితాంతం ఉండవలసింది. పిల్లల్లో వేరు చివర ఇంకా మూసుకోనప్పుడు మొత్తం పల్ప్ తీసేయకుండా, పైభాగం మాత్రం తీసి ఎమ్‌టీఏ లాంటి సిమెంటు పెట్టి మిగతాది బతికించవచ్చు. 1990ల్లో వచ్చిన ఈ సిమెంటు వల్ల ఇప్పుడు పెద్దవాళ్ళలో కూడా కొన్ని పళ్ళకి పూర్తి రూట్ కెనాల్ తప్పుతోంది. అందరికీ కాదు, తొందరగా వచ్చినవాళ్ళకి.

ఇంటింటికీ వెళ్ళి బీపీ, షుగరు మందులిచ్చే తమిళనాడు ప్రభుత్వ పథకం 2021 ఆగస్టు 5న మొదలైంది ఈ కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే. ఆ మాత్రల సంచి పళ్ళ డాక్టరు దగ్గరికి కూడా పట్టుకుపోవాలి. షుగరు అదుపులో లేకపోతే వేరు చివరి ఎముక నెమ్మదిగా మానుతుంది. రక్తం పలచబడే మందులు సొంతంగా ఆపేయకూడదు. ఆ మందులు వాడేవాళ్ళకి పన్ను పీకడం కన్నా రూట్ కెనాలే సాధారణంగా సురక్షితం. గుండె కవాటం మార్పించుకున్నవాళ్ళు ముందే చెబితే యాంటీబయాటిక్ ఇచ్చి మొదలుపెడతారు. గర్భిణులకి నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అనువైన కాలం. నొప్పి భరించలేనప్పుడు నెలలు చూడక్కర్లేదు, లిగ్నోకెయిన్, ఒక చిన్న ఎక్స్‌రే బిడ్డకి హాని చేయవు.

రూట్ కెనాల్ చేసిన పన్ను క్యాన్సరు, గుండెజబ్బు తెస్తుందని ఫోనుల్లో తిరిగే వీడియోలకి వందేళ్ళ చరిత్ర ఉంది. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు పళ్ళలోని కుళ్ళే ఒంట్లో జబ్బులకి మూలమన్నాడు. 1920ల్లో వెస్టన్ ప్రైస్ అనే దంతవైద్యుడు కుందేళ్ళ మీద చేసిన ప్రయోగాలతో ఆ వాదం ముదిరి లక్షల మంచి పళ్ళు పీకేశారు. తర్వాత సరైన పద్ధతిలో చేసి చూసినవాళ్ళకి ఆ ఫలితాలు రాలేదు. ఆ వాదాన్నే మళ్ళీ ఎత్తుకున్న ఒక డాక్యుమెంటరీని విమర్శలొచ్చాక 2019లో నెట్‌ఫ్లిక్స్ తీసేసింది. వాట్సాప్ తీసేయలేదు.

చికిత్స సక్రమంగా చేసినా కొన్ని పళ్ళు మానవు. స్వీడన్‌లో ఎనిమిది పదేళ్ళు గమనించి 1990లో వేసిన లెక్క ఇలా ఉంది: పల్ప్ బతికుండగా చేసినవాటిలో 96 శాతం మానాయి, చచ్చి వేరు చివర చీము పట్టాక చేసినవాటిలో 86, ఒకసారి చెడి మళ్ళీ చేసినవాటిలో 62. తొందరగా రావడానికి ఇంతకన్నా వాదన అక్కర్లేదు. మళ్ళీ చేసే చికిత్సకి ఎండోడాంటిక్స్‌లో ఎండీఎస్ చదివినవాళ్ళ దగ్గరికి పోవడం మంచిది. డబ్బు ఇబ్బందైతే బెంగళూరులో విక్టోరియా ఆసుపత్రి దగ్గరి ప్రభుత్వ దంత కళాశాల ఉంది. హోసూరు బస్సు దిగే మార్కెట్టుకి దగ్గరే. దంత కళాశాలల్లో పీజీ విద్యార్థులు గురువుల పర్యవేక్షణలో తక్కువ ఖర్చుకి చేస్తారు, కాకపోతే గంటలు పడుతుంది, రాకలు పెరుగుతాయి. ఇక్కడ కూడా లెక్క అదే.

ఎక్కడ చేయించుకున్నా ఎక్స్‌రేలని ఫోనులో ఫొటో తీసుకుని ఉంచండి. ఏ పన్ను, ఎన్ని దారులు, ఏ తేదీ అన్నది రాయించుకోండి. ఆ డాక్టరు ఊరు మారితే తర్వాత చూసేవాళ్ళకి అదొక్కటే ఆధారం. చికిత్సయ్యాక రెండు మూడు రోజులు కొరికితే నొప్పి ఉండటం మామూలు. కాని బుగ్గ వాపు కంటి వైపో మెడ వైపో పాకుతుంటే, జ్వరం వస్తే, నోరు తెరుచుకోకపోతే, ఉమ్ము మింగలేకపోతే, నాలుక పైకి లేచి ఊపిరి అందనట్టుంటే అది ఇక పంటి సంగతి కాదు, ప్రాణం సంగతి. చీము దవడ కింద పాకితే గంటల్లో గొంతు మూసుకుపోతుంది. అప్పుడు క్లినిక్కు తెరిచే దాకా, పొద్దుటి బస్సు వచ్చే దాకా ఆగకుండా 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి పోవాలి.